మిషన్ అడుగున చీటీ

మార్చి 6

పిన్నికి,

నమస్కారాలు. నువ్వు క్షేమమనీ, బాబాయి కళ్ళజోడు ఇంకా ముక్కు చివరే వేలాడుతోందనీ అనుకుంటున్నాను. ఇక్కడ నేనూ అమ్మా బాగున్నాం. నీకు ఉత్తరం రాస్తున్నానంటే అమ్మ, "కంప్యూటరు తెర మీద అక్షరం రాయనని అది ఒట్టు పెట్టుకుంటే శిక్ష నీకు పడిందా? మొండిది!" అంది. ఇది నీ అక్క మాట. నాకేం సంబంధం లేదు.

చుట్టూ తిప్పకుండా చెప్తాను పిన్నీ, నాకు నీ సాయం కావాలి.

నేను కొత్త ఉద్యోగంలో చేరానని అమ్మ చెప్పే ఉంటుంది. ఒక సోషల్ వేదికకి ప్రచారం చేయడం నా పని. జనం చేరి రాసుకుంటారు, ఫొటోలు పెట్టుకుంటారు. అలాంటివి బోలెడున్నాయి కదా అంటావు. ఇది వేరు. ఇక్కడ రాసినవి ఒక కంపెనీ గదిలో ఉండవు. చేరినవాళ్ళలో దాచడానికి ఒప్పుకున్నవాళ్ళ కంప్యూటర్లలోనే తలా ఒక ప్రతి ఉంటుంది. కొత్తగా రాసిన ప్రతిదీ పాతదానికి గొలుసులో లంకెలా తగులుకుంటుంది. దాన్నే బ్లాక్‌చెయిన్ అంటారు.

ఆఫీసంటే మూడో అంతస్తులో ఒక పొడుగాటి గది, తొమ్మిది కుర్చీలు. లిఫ్టు ఎప్పుడూ రెండుకీ మూడుకీ మధ్య ఆగుతుంది. మొదటి నెల బస్సుల వెనక బోర్డులు పెట్టించాం. మూడు వేలమంది వచ్చారు. వచ్చి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, మాట్లాడుకోవడానికేమీ లేక వారంలో వెళ్ళిపోయారు. మా పెద్దాయన (ఈ కంపెనీ పెట్టినాయన) నిన్న అందరినీ కూర్చోబెట్టి చెప్పేశాడు. "జూన్ ముప్ఫై లోగా ఐదు బృందాలు రావాలి. చేరడం కాదు, రోజూ మాట్లాడుకోవాలి. లేకపోతే మూసేద్దాం."

అప్పుడు నాకు వెలిగింది. ఒక్కొక్కరినీ పిలిస్తే లాభం లేదు. ముందే ఒకరికొకరు అవసరమైనవాళ్ళు కలిసి రావాలి. నాకు తెలిసి అలాంటి జట్టు ఒక్కటే ఉంది, మీ కుట్టుమిషన్ మెకానిక్‌లది. మీ పాత సైటు మూతపడ్డాక మీరంతా చెల్లాచెదురయ్యారు కదా. వస్తారా?

నీ
పొట్టిది

❖

మార్చి 15

పొట్టిదానికి,

ఆశీస్సులు. మీ అమ్మతో చెప్పు, మొండితనంలో నేను దాని తర్వాతే పుట్టానని.

నీ ఉత్తరం బాబాయి పైకి చదివాడు. సగం అర్థమైంది. మిగతా సగం ఆయనకి కూడా అర్థం కాలేదు కానీ అర్థమైనట్టు తలూపాడు.

అమ్మాయీ, మా గాయం నీకు పూర్తిగా తెలీదు. పధ్నాలుగేళ్ళు ఆ సైటులో రాశాం. ఏ మిషన్‌లో ఏ స్ప్రింగు నప్పుతుంది, దొరకని ముక్కని ఇనుప రేకుతో ఎలా చేసుకోవాలి, అన్నీ. మాలో పెద్దాయన, మేం షటిల్ తాత అనేవాళ్ళం, ఆయన చేత్తో గీసిన బొమ్మలే నూటపది. ఒక సోమవారం నేను షట్టర్ తీసి, ఊడ్చుకుని తెర చూస్తే, "మా సేవలు నిలిపివేశాము. ధన్యవాదాలు" అని ఉంది. ధన్యవాదాలట! అప్పటికి తాత పోయి ఆర్నెల్లు. బొమ్మలు కూడా పోయాయి. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

మా పనిలో ఒక పద్ధతుంది, విను. మిషన్ విప్పినవాళ్ళు ఏం చేశారో ఒక చీటీ రాసి అడుగున అంటిస్తారు. తప్పు చేస్తే ఆ తప్పు కూడా రాస్తారు. "బెల్టు మరీ బిగించాను, తెగింది, తర్వాత విప్పేవాళ్ళు గమనించగలరు" అని. పాత చీటీని ఎవరూ చింపకూడదు. నీ చీటీ దాని కిందే అంటించాలి. ఎందుకంటే తర్వాత విప్పేవాడికి ఒప్పు కన్నా తప్పే ఎక్కువ పనికొస్తుంది.

కాబట్టి ఒకే ప్రశ్న. మీ పెద్దాయనకి రేపు మా మీద కోపమొస్తే మా చీటీలు చింపగలడా? చింపగలిగితే నాకు ఉత్తరం రాయకు. అంటే, రాయి. ఆ సంగతి మాత్రం ఎత్తకు.

పిన్ని

❖

మార్చి 22

పిన్నీ,

చింపలేడు! ఆయన చింపలేడు, నేను చింపలేను, దీన్ని కట్టిన మా గడ్డం కూడా చింపలేడు. (గడ్డం అంటే మా ఇంజనీరు. అతని మొహంలో మిగతావేవీ కనపడవు.) నీ ఉత్తరం పట్టుకెళ్ళి అతనికి చూపించాను. రెండుసార్లు చదివి, "నేను రెండేళ్ళుగా చెప్పలేక చస్తున్నది మీ పిన్ని నాలుగు లైన్లలో చెప్పేసింది" అన్నాడు.

నిజంగానే పిన్నీ, మీ పద్ధతే ఇది. రాసింది చెరగదు. తప్పైతే కింద ఇంకోటి రాయాలి. మా కంపెనీ రేపు మూతపడినా మీ చీటీలు మీ దగ్గరే ఉంటాయి, ఎందుకంటే ప్రతి నీ షాపులోనే ఉంటుంది. దారపు ఉండల అలమరలో ఆ పాత కంప్యూటరు ఉంది కదా, అదే చాలు. ప్రతి దాచినవాళ్ళకి ఓటు ఉంటుంది, మీ బృందం నియమాలు మీరే పెట్టుకుంటారు. మొదటి నెల మాత్రం తాళం మా చేతిలో ఉంటుంది, సర్దిపెట్టడానికి. తర్వాత అది మీకే.

ఇవాళ మళ్ళీ లిఫ్టులో ఇరుక్కున్నాను. తీసిన మెకానిక్‌కి మీ చీటీల సంగతి చెప్తే, "మాకూ అలాంటిది ఉంటే బాగుండును, నాకు ముందు దీన్ని ఎవడు కెలికాడో తెలిసేది" అని పళ్ళు నూరాడు.

నీ జవాబు కోసం తలుపు దగ్గరే కూర్చుంటాను.

పొట్టిది

❖

ఏప్రిల్ 5

పొట్టిదానికి,

ఒట్టు గట్టున పెట్టాను. సంతోషమా?

షాపులో కంప్యూటరు పెట్టాం. బాబాయి రోజూ దాని మీద దుమ్ము దులిపి, గుడ్డ కప్పి, "ఊపిరాడుతుందో లేదో" అని మళ్ళీ గుడ్డ తీస్తున్నాడు. ఫోన్లు చేసి చేసి నా గొంతు పోయింది. మాతో కలిపి నలభై ఎనిమిదిమందిమయ్యాం. మేం నూనెబుడ్డి అని పిలిచే ఆవిడ వచ్చింది, గొణుగుడాయన వచ్చాడు, ఎడంచేతి బావగారు వచ్చారు. నాలుగేళ్ళ తర్వాత కలిశాం, మొదటిరోజు పనేం లేదు, ఒకరి మోకాళ్ళ నొప్పులు ఒకరు అడుగుతూనే సరిపోయింది.

రెండోరోజు నుంచి పని మొదలైంది. మా పాత నియమం మళ్ళీ పెట్టాం. అడిగినవాళ్ళు మాయమైపోకూడదు. జవాబు తీసుకున్నాక తిరిగొచ్చి "కుట్టు పడింది" అనో "కుట్టు పడలేదు" అనో రాయాలి. అంతే, అంతకన్నా పొగడ్తలొద్దు. నిన్న ఒక్కరోజే పదకొండు "కుట్టు పడింది"లు చూశాను. అమ్మాయీ, ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నీ మేలు మర్చిపోను.

ఉత్తరాలు మాత్రం మానను. తెర మీద అందరూ చూస్తారు. నిన్ను తిట్టాలంటే కాగితమే నయం.

పిన్ని

❖

ఏప్రిల్ 14

పిన్నీ,

రెండు శుభవార్తలు, గబగబా రాస్తున్నాను.

ఒకటి, పెద్దాయన నన్ను ప్రచారం జట్టుకి పెద్దని చేశాడు. మీ బృందాన్ని చూసి ఆయనకి ఏనుగెక్కినంత సంబరం. రెండు, నీకు చెప్పకుండా ఒక కానుక ఏర్పాటు చేశాను. మొన్నటి నుంచి మీ బృందంలో ఎవరు ఏం రాసినా రాసిన ప్రతిసారీ ఒక టోకెను వస్తుంది. వేదిక సొంత నాణెం లాంటిదన్నమాట. ఇది విని ఇంకెంతమంది వస్తారో చూడు! మీ జ్ఞానానికి ఇన్నాళ్ళకి విలువ కట్టినట్టు ఉంటుంది.

నీ మొహంలో ఆశ్చర్యం చూడలేకపోతున్నందుకు బాధగా ఉంది.

పొట్టిది

❖

ఏప్రిల్ 27

అమ్మాయికి,

నీ కానుక చూశాం. కొంప ముంచావు.

వారంలో నాలుగు వేలమంది దిగబడ్డారు. వాళ్ళలో సూదికి దారం ఎక్కించడం వచ్చినవాడు ఒక్కడు లేడు. ప్రతి ప్రశ్న కింద "సూపర్", "బాగుంది", "కేక". నూనెబుడ్డి ఒక పగిలిన చక్రం ఫొటో పెట్టి సాయం అడిగితే రెండు వందలమంది "కేక" అన్నారు. అసలు జవాబు ఎక్కడుందో వెతుక్కునేసరికి మా తలప్రాణం తోకకొచ్చింది.

అదైనా ఓర్చుకునేదాన్ని. మా వీధి చివర బడి యూనిఫారాలు కుట్టే ఆవిడ, నా మాట మీద చేరింది. మిషన్ బరువుగా తిరుగుతోందని అడిగింది. నీ టోకెను కోసం వచ్చినవాడెవడో "వంటనూనె పోయండి, మెత్తగా తిరుగుతుంది" అని రాశాడు. పోసింది. వంటనూనె ఆరితే జిగురవుతుందని మాలో ఎవరినడిగినా చెప్తారు. నాలుగో రోజుకి చక్రం బిగుసుకుపోయింది. బడి తెరిచే ముందు ఆవిడ మిషన్ ఆగిపోయింది. నా షాపు మెట్ల మీద కూర్చుని, "మీరున్నారు కదా అని నమ్మాను" అంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. వెంటనే వేదిక మీద రాశాను, అందరూ చదివేలా. "మా అక్క కూతురు మమ్మల్ని బజారులో పెట్టి అమ్మేసింది. ఇక్కడెవరూ ఉండొద్దు." నీకు పెద్ద పదవి, మాకు నాలుగు వేల కేకలు. బేరం బాగానే కుదిరింది. కంప్యూటరు తీగ పీకేశాను.

ఇక ఆ సంగతి నాతో ఎత్తకు.

పిన్ని

❖

మే 4

పిన్నీ,

నువ్వు రెండు వారాలు జవాబు రాయకపోతే సంతోషంలో ఉన్నావనుకున్నాను. అంత గుడ్డిదాన్ని.

నీ మాట వేదిక మీద చూసి తలుపేసుకున్నాను. ఏడ్చాను కూడా. పదవి కోసం మిమ్మల్ని అమ్మలేదు పిన్నీ, అది టోకెన్ల కన్నా ముందే వచ్చింది. కానీ అడగకుండా పెట్టాను. మీకు ఏం విలువో మీకన్నా నాకే బాగా తెలుసనుకున్నాను. ఆ తప్పు పూర్తిగా నాది.

పెద్దాయన నీ మాట చూసి ఎగిరిపడ్డాడు. "మన వేదిక మీదే మన పరువు తీసే రాత! వెంటనే తీసేయండి" అన్నాడు. గడ్డం నింపాదిగా, "కుదరదండీ. కుదరకూడదనే కదా దీన్ని కట్టింది" అన్నాడు. నాకు మాత్రం, పిన్నీ, అంత బాధలోనూ ఒక్క క్షణం గర్వంగా అనిపించింది. నేను నీకు మార్చిలో చెప్పింది అబద్ధం కాదు.

టోకెన్లు నేనే ఆపుదామంటే నా చేతిలో లేదు. నెల గడిచింది, తాళం మీకు వచ్చేసింది. ప్రతులు దాచేవాళ్ళలో సగానికి పైగా ఓటేస్తేనే ఆగుతాయి. మిమ్మల్ని తిరిగి రమ్మని అడిగే మొహం నాకు లేదు, అడగను.

ఒక్కపని మాత్రం చేశాను. నీ మాట కింద నా చీటీ అంటించాను, మీ పద్ధతిలోనే:

"మే 3. బృందాన్ని అడగకుండా ప్రతి రాతకీ టోకెను పెట్టాను. పనికిరాని రాతలు నిండాయి. ఒక తప్పు జవాబు వల్ల ఒక మిషన్ బిగుసుకుపోయింది. తర్వాత విప్పేవాళ్ళు గమనించగలరు. పైన రాసినావిడ అక్క కూతురు, ఈ వేదిక ప్రచారం చేసే మనిషి."

ఆ యూనిఫారాల ఆవిడకి నా క్షమాపణ చెప్పు. తిట్టాలనిపిస్తే తిట్టు. ఊరుకోవద్దు.

పొట్టిది

❖

మే 13

పొట్టిదానికి,

తిట్టేది చాలా ఉంది కానీ ముందు జరిగింది చెప్తాను.

కంప్యూటరు తీగ పీకాను కదా. మర్నాడే బాబాయి నాకు తెలీకుండా మళ్ళీ పెట్టాడట. "అందరి చీటీలూ ఉన్నాయి అందులో, ఆరిపోతే పాపం కదే" అన్నాడు. అంటే ఇన్నాళ్ళూ అది గుడ్డ కింద నడుస్తూనే ఉంది. ఉండొద్దని నేనంటే ఒక్కరు కూడా వెళ్ళలేదు! నా మాటకి ఎంత విలువుందో చూడు.

నీ చీటీ ముందు గొణుగుడాయన చూశాడు. పుట్టినప్పటి నుంచి ఒకరిని మెచ్చుకోని మనిషి, ఫోన్ చేసి, "పాత సైటువాళ్ళు మన పధ్నాలుగేళ్ళు ఊడ్చేసి ధన్యవాదాలన్నారు. ఈ పిల్ల తప్పు రాసి కింద అంటించింది. మన పద్ధతి తెలిసిన పిల్ల" అన్నాడు.

ఓటు పెట్టాం. నలభై ఎనిమిది ఓట్లలో నలభై ఏడు, టోకెన్లు ఆపమనే. మిగతా ఒక్కటి మన షాపుదే. బాబాయి కళ్ళజోడు జారి పక్క మీట నొక్కాడు. చెరపడం కుదరదు కాబట్టి కింద చీటీ రాశాడు పాపం, "నా ఓటు తప్పు, కళ్ళజోడు వల్ల" అని.

టోకెన్లు ఆగిన మూడోరోజుకి కేకలవాళ్ళంతా మాయం. యూనిఫారాల ఆవిడ మిషన్ విప్పి, ముక్క ముక్కా కిరసనాయిల్లో కడిగి, రెండు రోజుల్లో తిప్పించాం. నేనూ ఆవిడా కలిసి అడుగున చీటీ అంటించాం. నీ క్షమాపణ చెప్పాను. "ఆ అమ్మాయిని ఒకసారి చూడాలి" అంది. తిట్టడానికో మెచ్చుకోవడానికో అడగలేదు.

నీ మీద కోపం మొత్తం పోయిందనుకోకు. ఒక పావు ఉంచాను, అవసరానికి.

పిన్ని

❖

జూన్ 8

పిన్నీ,

పావు కోపం భద్రంగా దాచుకో, ఇప్పుడు అవసరం రావచ్చు. నీ తిట్టుని వేదిక మొదటి పేజీ చేశాను.

అవును. బోర్డులు, టోకెన్ల ప్రకటనలు, నవ్వు మొహాల ఫొటోలు అన్నీ తీయించేశాను. ఇప్పుడు ఎవరు మా వేదిక తెరిచినా ముందు కనపడేది "మా అక్క కూతురు మమ్మల్ని బజారులో పెట్టి అమ్మేసింది." దాని కింద నా చీటీ. దాని కింద మీ ఓటు. దాని కింద బాబాయి కళ్ళజోడు. అన్నిటికన్నా కింద ఒకే వాక్యం: "ఇక్కడ చీటీలు ఎవరూ చింపలేరు, మేం కూడా."

పెద్దాయన, "నీకు మతి పోయిందా? ఇదా ప్రచారం?" అన్నాడు. "నెల రోజులే ఉన్నాయి, ఒకే బృందం ఉంది. నా పద్ధతి ఒక్కసారి చూడండి" అన్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు నీ తిట్టునే చదివాడు. చివరికి, "మీ పిన్నిగారు మన దగ్గర పని చేస్తారా?" అన్నాడు. చేయదని నీ తరఫున నేనే చెప్పేశాను.

లిఫ్టు మెకానిక్ తన జట్టుని తెచ్చాడు, డెబ్భైమంది. గడియారాలు బాగుచేసేవాళ్ళు వచ్చారు. ఎవరినీ ఒక్కొక్కరిగా పిలవడం లేదు. జట్టు పెద్దతో మాట్లాడి, ఆ పేజీ చూపించి, "మీ నియమాలేంటి?" అని అడుగుతున్నాను. ఇప్పటికి మూడు. ఇంకా రెండు కావాలి. గోళ్ళు కొరికీ కొరికీ అయిపోయాయి.

పొట్టిది

❖

జూలై 2

పిన్నీ! పిన్నీ! పిన్నీ!

పదకొండు! ఐదు అడిగితే పదకొండు బృందాలు!

జూన్ ఇరవైకి ఐదయ్యాయి. నేను అక్కడితో ఆగుతాయనుకున్నాను. కానీ ఒక జట్టు చూసి ఇంకో జట్టు వచ్చింది. పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్ళు, పాత రేడియోలవాళ్ళు, కళ్ళద్దాలు అరగదీసేవాళ్ళు (బాబాయికి చెప్పు, ఆ ముక్కు సంగతి వాళ్ళు చూసుకుంటామన్నారు), ఇంకా బోలెడుమంది. మీ నియమాన్ని అందరూ ఎత్తుకుపోయారు. లిఫ్టులవాళ్ళు పని అయ్యాక "పైకెళ్ళింది" అని రాస్తారు, గడియారాలవాళ్ళు "కొట్టింది" అని రాస్తారు.

ముప్ఫయ్యో తారీఖున పెద్దాయన గదిలోకి వచ్చి, గోడ మీద పెద్ద తెర చూసి, గడ్డాన్ని కౌగిలించుకున్నాడు. గడ్డం ఏడ్చాడో లేదో ఆ వెంట్రుకల్లో తెలీలేదు. మూసేయడం లేదు పిన్నీ. ఇంకో నలుగురిని తీసుకుంటున్నారు. మేమంతా గెంతుతూ కిందికి దిగాం, లిఫ్టులోనే. అది ఎక్కడా ఆగలేదు!

ఇంత సంతోషంలో ఒక చిన్న ముల్లు ఉంది. చెప్పనా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను. నీ మాట కింద నా చీటీ ఉంది, బాబాయిది ఉంది, నీది మాత్రం లేదు. పదకొండు బృందాలవాళ్ళూ రోజూ ముందు చదివేది నేను నిన్ను అమ్మేశాననే. చింపమని కాదు. నువ్వు ఇంకా అలాగే అనుకుంటున్నావా అని అడగాలనిపించింది. అంతే.

పొట్టిది

❖

జూలై 10

పొట్టిదానికి,

బైండింగ్ వాళ్ళలో ఒకాయన మొన్న మా బృందంలోకి వచ్చాడు. ఎప్పుడో షటిల్ తాత కొన్ని బొమ్మలు అచ్చు తీయించి బైండింగ్‌కి ఇచ్చాడట. మళ్ళీ తీసుకెళ్ళడానికి రాలేదట. అరవై రెండు బొమ్మలు. అన్నీ పెట్టాడు. ఇప్పుడవి నలభై ఎనిమిది కంప్యూటర్లలో ఉన్నాయి. ఆ రోజు మధ్యాహ్నమే షట్టర్ దించేసి, స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. బాబాయి కంగారుపడి కంప్యూటరు మీద గుడ్డ కప్పాడు.

నీ ప్రశ్నకి జవాబు కాగితం మీద రాయను. మీ అమ్మ మిషన్ నా దగ్గరే మూల పడి ఉంది కదా. బాగుచేశాను. బాబాయి స్వయంగా తెస్తున్నాడు. తిప్పి చూడు.

పిన్ని

❖

జూలై 19

పిన్నీ,

బాబాయి వచ్చాడు. మిషన్ తెచ్చాడు, చక్రం తిప్పే పిడి మర్చిపోయాడు. చేత్తోనే తిప్పుకుంటున్నాం.

బల్ల మీద దుప్పటి పరిచి, నేనూ అమ్మా కలిసి దాన్ని పడుకోబెట్టాం. అడుగున రెండు చీటీలున్నాయి. పైది పసుపుపచ్చగా మారిపోయింది. నీ చేతిరాతే, కానీ గుండ్రంగా, బడిపిల్ల రాతలా ఉంది. "అక్క మిషన్. బెల్టు మరీ బిగించాను. తెగింది. అక్కకి చెప్పలేదు. తర్వాత విప్పేవాళ్ళు గమనించగలరు." అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదివి నోరు వెళ్ళబెట్టింది. "నలభై ఏళ్ళుగా ఆ బెల్టు నేనే తెంపానని అనుకుంటున్నానే!" అని అరిచింది. తర్వాత నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది. నీకు అమ్మ దగ్గర నుంచి వేరే ఉత్తరం వస్తుంది, కాచుకో.

రెండో చీటీ తెల్లగా ఉంది. జిగురు వాసన ఇంకా పోలేదు.

"జూలై 9. మా అక్క కూతురు మమ్మల్ని అమ్మేసింది అని రాశాను. అది తప్పు. కోపంలో చూడకుండా బిగించాను. పిల్ల అమ్మలేదు. అన్నీ పోగొట్టుకున్నవాళ్ళకి మళ్ళీ చోటు కట్టింది. తర్వాత విప్పేవాళ్ళు గమనించగలరు."

అమ్మ దాన్ని రెండుసార్లు పైకి చదివింది. రెండోసారి నేను వినలేకపోయాను, బాబాయి భుజంలో మొహం దాచుకున్నాను. కాసేపటికి వేదిక తెరిచాను. అక్కడ, నీ మాట కిందే, అవే అక్షరాలు, అదే తేదీ. పదిరోజులుగా ఉంది. పదకొండు బృందాలూ చదివేశాయి. ఉత్తరం కోసం ఎదురుచూస్తూ, కంఠతా వచ్చేసిన ఆ పేజీని మళ్ళీ చదవనిది నేనొక్కదాన్నే.

ఒక చిరుగుల దిండు గలీబు తెచ్చి, అమ్మ చక్రం తిప్పుతుంటే, నేను గుడ్డ పట్టుకున్నాను. సూది దిగింది, లేచింది. నియమం ప్రకారం తిరిగొచ్చి చెప్తున్నాను.

కుట్టు పడింది, పిన్నీ.

నీ
పొట్టిది